పంక్చర్ వేయిస్తే సరిపోతుందా, టైరే మార్చాలా?

మొన్న ఒక శనివారం సాయంత్రం మా బామ్మర్ది పాకాల నుంచి తిరుపతికి బైక్ మీద వస్తున్నాడు. చంద్రగిరి ఇంకా నాలుగు కిలోమీటర్లుందనగా బండి వెనక భాగం అటూ ఇటూ ఊగడం మొదలైంది. దిగి చూస్తే వెనక టైరు పూర్తిగా నేలకు అతుక్కుపోయి ఉంది. చీకటి పడుతోంది, దగ్గర్లో పంక్చర్ షాపు లేదు. వెనక కూర్చున్న భార్యను షేర్ ఆటో ఎక్కించి, తను అదే టైరు మీద మెల్లగా చంద్రగిరి దాకా వచ్చేశాడు. అక్కడి నుంచి నాకు ఫోన్ చేశాడు. "బావా, చిన్న మేకే. బయటి నుంచే జిగురు తాడు, అదే స్ట్రిప్ వేస్తే పది నిమిషాల్లో అయిపోతుందంటున్నారు. పొద్దున్నే కొండకు పోవాల కదా, వేయించేసుకుంటా."

"నేను వచ్చేదాకా ఆగు. టైరు విప్పమని చెప్పు" అన్నాను.

షాపు పెద్దాయనకు ఆ మాట నచ్చలేదు. లోపల ట్యూబ్ లేని ట్యూబ్‌లెస్ టైరు అది. దాన్ని రిమ్ నుంచి విడదీయడం శ్రమతో కూడిన పని. అయినా నేను వెళ్ళాక విప్పాడు. లోపల చేయి పెట్టి ఒక చుట్టు తిప్పి తీస్తే అరచేతి నిండా నల్లటి పొడి. మధ్యమధ్య ఇడ్లీ రవ్వంత పలుకులు. ఫోన్ లైటు వేసి చూశాం. టైరు పక్కగోడ లోపలి వైపు చుట్టూరా రెండు వేళ్ళ వెడల్పున ఒక పట్టీ, చెక్క మీద ఆకురాయి పెట్టి రాకినట్టు గరుకుగా ఉంది. ఒకచోట రబ్బరు పొర లేచిపోయి దారాలు కనబడుతున్నాయి. మేకు చేసిన చిల్లు మాత్రం మూడు మిల్లీమీటర్లు కూడా లేదు, అదీ సరిగ్గా టైరు నడిమధ్యన. బయటి నుంచి చూస్తే ఎవరైనా స్ట్రిప్ చాలనే అంటారు. పెద్దాయన చేతిని లుంగీకి తుడుచుకుని "ఇది పోయింది సార్" అన్నాడు.

పంక్చరైనప్పుడు మనం చూసేది చిల్లును. ఎంత ఉంది, ఎక్కడ పడింది, మేకా ముల్లా అని ఆరా తీస్తాం. అవన్నీ చూడాల్సినవే. కానీ టైరు ఉంచాలో తీసేయాలో తేల్చేటప్పుడు అంతకన్నా ముందు అడగాల్సింది ఇంకొకటుంది. గాలి దిగాక ఆ టైరు మీద ఎంత దూరం నడిపాం? ఎంత బరువుతో నడిపాం? ఈ ప్రశ్న షాపులో ఎవరూ అడగరు, మనమూ చెప్పం. అందుకే బాగుచేసుకోదగ్గ టైర్లు కొన్ని చెత్తలోకి పోతున్నాయి, పారేయాల్సిన టైర్లు కొన్ని అతుకులతో రోడ్డు మీద తిరుగుతున్నాయి.

గాలి లేని టైరులో ఏం జరుగుతుంది

బండి బరువును, మన బరువును మోసేది లోపలి గాలి. రబ్బరూ, అందులో అల్లిన నైలాన్ దారాలూ ఆ గాలిని పట్టి ఉంచే సంచి లాంటివి. గాలి ఉన్నంత సేపూ పక్కగోడ బిగుతుగా నిలబడి ఉంటుంది, చక్రం తిరిగినప్పుడు కొద్దిగా మాత్రమే వంగుతుంది. గాలి పోయాక బరువంతా నేరుగా ఆ పక్కగోడ మీద పడుతుంది. అది రిమ్ అంచుకూ రోడ్డుకూ మధ్య చిక్కుకుని మడతపడుతుంది, మళ్ళీ విచ్చుకుంటుంది, మళ్ళీ మడతపడుతుంది.

ఎన్నిసార్లో లెక్కేస్తే విషయం అర్థమవుతుంది. మనం రోజూ చూసే 80/100-18 సైజు టైరు చుట్టుకొలత దాదాపు 1.9 మీటర్లు. అంటే కిలోమీటరుకు 500 సార్లకు పైగా తిరుగుతుంది. నాలుగు కిలోమీటర్లంటే రెండు వేల పైచిలుకు మడతలు. ఇనుప తీగను ఒకేచోట అటూ ఇటూ వంచుతూ పోతే వేడెక్కి తెగుతుంది కదా, ఇక్కడా అదే జరుగుతుంది. రబ్బరు వేడెక్కుతుంది, దారాలకూ రబ్బరుకూ ఉన్న పట్టు వదులుతుంది, లోపలి పొర రాసుకుని పొడిగా రాలుతుంది. మా బామ్మర్ది టైరులో చేతికంటింది ఆ పొడే.

దీనిలో ప్రమాదం ఏమిటంటే, మళ్ళీ గాలి కొట్టగానే ఆ టైరు మామూలుగానే కనిపిస్తుంది. గుండ్రంగా నిలబడుతుంది, గాలి కూడా దిగదు. ఇంటిదాకా ఏమీ తేడా తెలియకపోవచ్చు. తర్వాత ఎప్పుడో ఎండలో, ఇద్దరెక్కి, వేగంగా వెళ్తున్నప్పుడు ఆ బలహీనమైన చోట పక్కగోడ ఉబ్బొచ్చు, పగలొచ్చు. అతుకు వేసిన చిల్లు దగ్గర ఏ లోపమూ ఉండదు. పాడైంది ఇంకోచోట.

అందుకని ట్యూబ్‌లెస్ టైరు పూర్తిగా ఫ్లాట్ అయిన తర్వాత దాని మీద కూర్చుని నడిపి ఉంటే, దూరం కొంచెమైనా సరే, టైరు విప్పించి లోపల చూడకుండా అతుకు వేయించకండి. చూడాల్సినవి పెద్ద కష్టమైనవి కావు. బాగున్న టైరు లోపలి పొర కొత్త ట్యూబ్‌లా నున్నగా, ఒకే రంగులో ఉంటుంది. పొడి రాలినా, పక్కగోడ లోపల చుట్టూరా పట్టీలాగా గరుకు కనిపించినా, ముడతలు పడినా, దారం బయటపడినా ఆ టైరు పని అయిపోయినట్టే. బయటి వైపు కూడా పక్కగోడ మీద వలయంలాగా గీత పడి ఉందా, రిమ్ అంచు ఒత్తుకున్న చోట కోసుకుపోయిందా అని వేలితో తడిమి చూడాలి.

ఎంత దూరమైతే పరవాలేదు అని అడుగుతారు. కిలోమీటరు, రెండు కిలోమీటర్లు అని గీత గీయలేం. బరువు, వేగం, రోడ్డు, టైరు మందం అన్నీ లెక్కలోకి వస్తాయి. రోడ్డు పక్కకు తీసుకోవడానికి పట్టే వంద అడుగుల దూరానికి భయపడక్కర్లేదు. దిగి, బండిని తోసుకుంటూ వచ్చినా టైరుకు పెద్దగా నష్టం ఉండదు, మన బరువు దాని మీద లేదు కాబట్టి. ఎక్కి కూర్చుని నడపడంతోనే అసలు నష్టం. మా వాడు భార్యను దించేసి రావడం కొంత నయం, కానీ తను దిగలేదు.

స్లో పంక్చర్ విషయంలో ఇది ఇంకా మోసం చేస్తుంది. ట్యూబ్‌లెస్ టైరులో మేకు దిగినా లోపలి పొర దాన్ని గట్టిగా పట్టుకుంటుంది, గాలి రోజుకు కొంచెం కొంచెంగా పోతుంది. ఇది ఆ టైరు గొప్పతనమే. కానీ మనం గమనించకుండా సగం గాలితో వారం రోజులు కరకంబాడి రోడ్డు మీద ఆఫీసుకు తిరిగితే, పైన చెప్పిన మడతలే మెల్లగా జరుగుతుంటాయి. వారానికొకసారి, బండి ఇంకా వేడెక్కక ముందే గాలి చూపించుకోవడం ఒక్కటే దీనికి మందు. ఎంత గాలి ఉండాలో చైన్ కవర్ మీదో, వెనక చక్రం దగ్గర బార్ మీదో స్టిక్కర్ ఉంటుంది. ఒక్కరికి ఒక అంకె, ఇద్దరికి ఇంకో అంకె రాసి ఉంటుంది. ఆ రెండో అంకెను మనం పట్టించుకోం.

ఇప్పుడు చిల్లు సంగతి

టైరు ఫ్లాట్‌గా తిరగలేదు, లోపల శుభ్రంగా ఉంది అనుకుందాం. అప్పుడే చిల్లు లెక్కలోకి వస్తుంది. టైరు కంపెనీలు సాధారణంగా ఒప్పుకునే హద్దు ఇది: రోడ్డును తాకే భాగంలో, అంటే బటన్లున్న చోట, 6 మిల్లీమీటర్ల లోపు గుండ్రటి చిల్లు ఉంటే బాగుచేయొచ్చు. పక్కగోడలో సూది మొనంత చిల్లు పడినా బాగుచేయకూడదు. బటన్ల కింద రబ్బరు మందంగా ఉంటుంది, పెద్దగా వంగదు, అతుకు అక్కడ కదలకుండా కూర్చుంటుంది. పక్కగోడ పల్చగా ఉండి ప్రతి తిప్పుకీ వంగుతుంది, ఏ అతుకైనా అక్కడ కొన్నాళ్ళకు కదిలిపోతుంది. పక్కగోడకు కూడా స్ట్రిప్ దూర్చి ఇచ్చే షాపులున్నాయి. గాలి నిలుస్తుంది, నిజమే. గాలి నిలవడం వేరు, టైరు బలంగా ఉండడం వేరు.

కారు టైరుకూ బైకు టైరుకూ ఇక్కడ ఒక తేడా ఉంది. కారు టైరు కింద బల్లపరుపుగా ఉంటుంది, బటన్ల భాగమంతా దాదాపు ఒకేలా పనిచేస్తుంది. బైకు టైరు గుండ్రంగా ఉంటుంది. తిన్నగా పోతున్నప్పుడు మధ్య భాగం రోడ్డుకు ఆనుతుంది, మలుపులో బండి వాలినప్పుడు అంచు దగ్గరి బటన్లు ఆనుతాయి. బటన్లున్న చోటే పడినా, అంచుకు దగ్గరగా పడిన చిల్లును నేను పక్కగోడ చిల్లుగానే లెక్కేస్తాను. తిరుమల నుంచి దిగేవాళ్ళు దీన్ని ఇంకా ఎక్కువ పట్టించుకోవాలి. 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డే ఇప్పుడు మనం దిగే దారి. ఒకదాని వెంట ఒకటి వచ్చే ఆ మెలికల్లో బండి వాలుతూ, బ్రేకులు పడుతూ, బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది. ఎడమకు ఒకసారి, కుడికి ఒకసారి టైరు అంచులే ఆ పని మోస్తాయి.

ఏది గుచ్చుకుందన్నదీ చూడాలి. మేకు, ముల్లు గుండ్రటి చిల్లు చేస్తాయి, దారాలు పక్కకు జరిగి దారిస్తాయి. గాజుపెంకు, రేకుముక్క, పదునైన రాతిముక్క అయితే కోస్తాయి. చిత్తూరు వైపు గ్రానైట్ లారీలు తిరిగే దారుల్లో రోడ్డంచున పడి ఉండే రాతి చెక్కలు నాకు మేకులకన్నా ఎక్కువ భయం. కోత రెండు మూడు మిల్లీమీటర్లే కనబడ్డా లోపల దారాలు తెగి ఉంటాయి, ఆ కోత రెండు కొసల నుంచీ పెరుగుతుంది. కోత పడిన టైరుకు స్ట్రిప్ వేయించి దూరప్రయాణం పెట్టుకోవద్దు. ఇక మామిడి తోటల దారుల్లో, చెరువు కట్టల మీద గుచ్చుకునే సర్కారు తుమ్మ ముళ్ళు చిల్లు చేసేది చిన్నదే, కానీ లోపలే విరిగి ఉండిపోతాయి. పైకి ఏమీ కనబడదు.

స్ట్రిప్, మష్రూమ్, ప్యాచ్

మన దగ్గర ట్యూబ్‌లెస్ పంక్చర్ అంటే తొంభై పాళ్ళు స్ట్రిప్పే. జిగురు పట్టిన గోధుమరంగు తాడును రెండుగా మడిచి చిల్లులో దూర్చి, మిగిలిన కొసలు కోసేస్తారు. చక్రం విప్పక్కర్లేదు, వందా నూటయాభైలో పని అయిపోతుంది. అర్ధరాత్రి పూతలపట్టు దగ్గర ఆగిపోయినవాడికి దీనంత మేలు చేసేది ఇంకొకటి లేదు. నా బండి డిక్కీలో కూడా ఒక స్ట్రిప్ కిట్టు, చిన్న పంపు ఎప్పుడూ ఉంటాయి.

కానీ స్ట్రిప్ వేసేటప్పుడు ఒకసారి దగ్గరగా చూడండి. తాడు దూర్చే ముందు, టీ ఆకారం పిడి ఉన్న గరుకు కడ్డీని చిల్లులో పొడిచి నాలుగైదుసార్లు గట్టిగా ఆడిస్తారు. చిల్లు గరుకెక్కి జిగురు పట్టడానికి అది అవసరమే. అయితే రెండు మిల్లీమీటర్ల ముల్లు చిల్లు కూడా ఆ కడ్డీ వల్ల కడ్డీ అంత అవుతుంది. ముల్లు తెంపని దారాలను ఆ కడ్డీ తెంపుతుంది. పైగా పొడిచేవాడు మేకు దిగిన కోణంలోనే పొడవాలి. మేకు ఏటవాలుగా దిగి ఉంటే, కడ్డీ నిటారుగా దిగితే, ఒక చిల్లు కాస్తా రెండవుతుంది. స్ట్రిప్ లోపలి పొరకు అతుక్కోదు, చిల్లును నింపుతుంది, అంతే.

సరైన పద్ధతి టైరు విప్పి లోపలి నుంచి వేసేది. మష్రూమ్ అనేది పేరుకు తగ్గట్టే పుట్టగొడుగులా ఉంటుంది. కాడ చిల్లును నింపుతుంది, గొడుగు లోపలి పొరకు అతుక్కుని గాలిని ఆపుతుంది. చిల్లులోకి బయటి నుంచి నీళ్ళు పోకుండా కూడా ఆపుతుంది కాబట్టి దారాలు చివకవు, లోపల ఉక్కు తీగలుండే రేడియల్ టైరైతే ఆ ఉక్కు తుప్పు పట్టదు. మష్రూమ్ వేసేవాడు టైరు విప్పక తప్పదు, విప్పితే లోపల చూడక తప్పదు. నేను దానికి ఎక్కువ డబ్బులిచ్చేది సగం అందుకే.

ఈ పనిలో తొందర పనికిరాదు. లోపలి పొరను గీరి, శుభ్రం చేసి, సొల్యూషన్ అనే రబ్బరు జిగురు రాసి ఆరనివ్వాలి. వేలి వెనక భాగంతో తాకితే అంటీ అంటనట్టు ఉండాలి. సొల్యూషన్‌లోని ద్రావకం ఎగిరిపోకముందే ప్యాచ్, అంటే అతికించే రబ్బరు బిళ్ళ, నొక్కేస్తే ఆ ఆవిరి కింద చిక్కుకుని బుడగ కడుతుంది, ప్యాచ్ అంచు కొన్నాళ్ళకు లేస్తుంది. ఫ్యాక్టరీలో టైరును అచ్చులో పెట్టి నూటయాభై డిగ్రీలకు పైగా వేడి చేస్తే గంధకం రబ్బరును గట్టిపరుస్తుంది, దాన్నే వల్కనైజింగ్ అంటారు. మన వరదయ్యపాలెం మండలంలోని చిన్నపండూరు అపోలో టైర్ల ఫ్యాక్టరీలో 2020 నుంచి జరుగుతున్నదీ ఈ పనే. పంక్చర్ షాపులో అదే పనిని వేడి లేకుండా, ప్యాచ్‌కున్న పొరా సొల్యూషనూ కలిసి చేయాలి. ఆ కొద్ది నిమిషాలు షాపతన్ని తొందరపెట్టకండి. నేనైతే టీ తాగి వస్తానని చెప్పి పక్కకు వెళ్ళిపోతాను.

మరి స్ట్రిప్ వేసిన టైరు మీద తిరగకూడదా? నా అభిప్రాయం చెబుతాను. చిల్లు నడిమధ్యన, చిన్నది, గాలి పూర్తిగా దిగకముందే చూసుకున్నారు, బండి వెనక టైరు, ఊళ్ళో నలభై యాభై వేగంలో తిరిగేవాళ్ళు. ఇన్నీ కలిస్తే స్ట్రిప్ మీద టైరు అరిగేదాకా తిరిగినవాళ్ళు నాకు చాలామంది తెలుసు. వీటిలో ఏ ఒక్కటి తప్పినా స్ట్రిప్‌ను ఇంటికి చేర్చే సాధనంగానే చూడాలి. మర్నాడో, ఆ పై ఆదివారమో విప్పించి లోపలి నుంచి వేయించాలి.

ముందు టైరు దగ్గర నేను ఇంకా గట్టిగా ఉంటాను. వెనక టైరు గాలి ఒక్కసారిగా పోతే బండి ఊగుతుంది, చాలాసార్లు నిలదొక్కుకోవచ్చు. ముందు టైరు పోతే హ్యాండిల్ మన మాట వినదు. ముందు టైరుకు మధ్యలో పడిన చిన్న చిల్లు తప్ప వేరే దేనికీ అతుకు వేయించను, అదీ లోపలి నుంచే. ఎప్పుడైనా నడుస్తుండగా గాలి పోయినట్టనిపిస్తే యాక్సిలేటర్ మెల్లగా వదిలేయాలి, హ్యాండిల్ గట్టిగా, తిన్నగా పట్టుకోవాలి. గాలి పోయిన చక్రం బ్రేకు ముట్టుకోకుండా, బాగున్న చక్రం బ్రేకును కొద్దికొద్దిగా వాడాలి.

ట్యూబ్ ఉన్న బండి

స్పోక్ చక్రాల బండ్లలో చాలావాటికి ట్యూబే ఉంటుంది. ఇక్కడ ట్యూబ్ వేరు, టైరు వేరు కాబట్టి నిర్ణయం కూడా రెండుగా తీసుకోవాలి. ట్యూబ్‌కు పడిన చిన్న చిల్లుకు ప్యాచ్ బాగా పనిచేస్తుంది. వాల్వ్ మొదట్లో చిరిగితే పనిచేయదు. పక్కపక్కనే రెండు గాట్లు పడి ఉంటే అది మేకు పని కాదు, గాలి తక్కువగా ఉన్నప్పుడు గుంతలో పడి రిమ్‌కు నలిగిన గుర్తు. అలాంటి ట్యూబ్ మార్చేయడమే మంచిది. ట్యూబ్ ధర టైరు ధరలో ఎన్నో వంతు కాదు, మూడు ప్యాచ్‌లు పడిన ట్యూబ్‌ను పట్టుకుని వేలాడడంలో లాభం లేదు.

మంచి పనివాణ్ణి నేను ఒక్క విషయంలో గుర్తుపడతాను. ట్యూబ్ తీశాక అతను టైరు లోపల ఒట్టి చేయి పెట్టడు. వేస్ట్ కాటన్ ఉండ తీసుకుని, టైరు లోపలి గోడ వెంట మెల్లగా ఒక చుట్టు, మళ్ళీ ఎదురు దిశలో ఒక చుట్టు తిప్పుతాడు. ఎక్కడైనా ముల్లు మొన అరమిల్లీమీటరు బయటికి ఉన్నా దూది పోగు అక్కడ పట్టుకుంటుంది. అప్పుడు పట్టకారుతో లాగుతాడు. ఈ పని చేయకపోతే ప్యాచ్ వేసిన మర్నాడే పక్కన ఇంకో చిల్లు పడుతుంది, మనం ప్యాచ్ ఊడిందనుకుంటాం.

ట్యూబ్ బండికి గాలి క్షణాల్లో పోతుంది, స్పోక్ రంధ్రాల గుండా, వాల్వ్ రంధ్రం గుండా బయటపడుతుంది. కాబట్టి ఫ్లాట్‌గా నడపడం ఇక్కడ ఇంకా తేలిగ్గా జరిగిపోతుంది. ట్యూబ్ కొత్తది వేసినంత మాత్రాన టైరు పక్కగోడకు జరిగిన నష్టం పోదు. ఇక్కడా టైరు లోపల చూడాల్సిందే.

ఇదే మాట ట్యూబ్‌లెస్ టైరులో ట్యూబ్ వేయించేవాళ్ళకూ చెప్పాలి. నాలుగైదు స్ట్రిప్పులు పడ్డాక "ట్యూబ్ వేసేద్దాం సార్, ఇంకా ఆర్నెల్లు వస్తుంది" అనే సలహా మన దగ్గర మామూలు. గాలి నిలుస్తుంది. కానీ ట్యూబ్‌లెస్ టైరు లోపలి వైపు ట్యూబ్ కోసం చేసింది కాదు. ట్యూబ్ దానికి రాసుకుని వేడెక్కుతుంది, స్ట్రిప్ కొసలు లోపల పొడుచుకుని ఉంటే ట్యూబ్‌ను అవే తినేస్తాయి. మేకు దిగినా మెల్లగా గాలి పోయే సౌకర్యం కూడా పోతుంది, ఇప్పుడు ఒక్కసారిగా పోతుంది. దారాలు తెగిన టైరును ట్యూబ్ బాగుచేయదు. ఊళ్ళో రెండు రోజులు గడపడానికైతే సరే.

వాల్వ్ గుండా పోసే సీలెంట్ ద్రవం గురించి ఎక్కువ చెప్పను. బటన్ల మధ్య పడే ముల్లు చిల్లులకు బాగా పనిచేస్తుంది, ముళ్ళ దారిలో తిరిగే రైతులకు ఉపయోగమే. కానీ అది చిల్లును మన కంటికి కనబడకుండా మూసేస్తుంది, మేకు లోపలే ఉండిపోయినా తెలియదు. తర్వాత ప్యాచ్ వేయించాలంటే ఆ జిగటంతా కడిగి ఆరబెట్టాలి. సీలెంట్ ఉన్న సంగతి షాపులో ముందే చెప్పండి.

ఇంకొకటి. గాలి దిగిన ప్రతిసారీ అది పంక్చరే కానక్కర్లేదు. వాల్వ్ పిన్ వదులైనా, రబ్బరు వాల్వ్ మొదట్లో పగిలినా, గుంతలో పడి అల్లాయ్ రిమ్ అంచు వంగినా గాలి దిగుతుంది. ఒకసారి నేను హైవే మీద ఒక షాపులో "మూడు పంక్చర్లున్నాయి" అన్న మాట నమ్మి మూడు స్ట్రిప్పులు వేయించుకున్నాను. మర్నాడు మళ్ళీ గాలి దిగింది. ఇంట్లో సబ్బు నురుగు రాసి చూస్తే బుడగలు వచ్చింది వాల్వ్ దగ్గర. ఆ మూడు చిల్లుల్లో ముందే ఉన్నవి ఎన్నో, కడ్డీ చేసినవి ఎన్నో ఇప్పటికీ తెలియదు. అప్పటి నుంచి నీళ్ళో సబ్బు నురుగో వేసి బుడగ చూపించనిదే ఎవరినీ కడ్డీ ముట్టుకోనివ్వను. చూపించమంటే మంచి పనివాళ్ళెవరూ కోపం తెచ్చుకోరు.

డబ్బు లెక్క

టైరు మార్చమంటే అందరికీ ముందు గుర్తొచ్చేది ఖర్చు. అది సహజం. కానీ ఆ లెక్కను మనం తప్పుగా వేసుకుంటాం. కొత్త టైరు 2,000 రూపాయలు, 20,000 కిలోమీటర్లు వస్తుంది అనుకుందాం. ఇప్పటికే 15,000 తిరిగింది. మిగిలింది 5,000 కిలోమీటర్లు, అంటే 500 రూపాయల టైరు. రోజుకు 50 కిలోమీటర్లు తిరిగేవాళ్ళు ఇంకో మూడు నెలలకు ఎలాగూ కొత్తది కొనాల్సిందే. ఈ రోజు మార్చడం వల్ల పోయేది ఆ 500 మాత్రమే. అదే టైరు 2,000 కిలోమీటర్లే తిరిగి ఉంటే, ఇంకా 1,800 రూపాయల విలువుంది. అప్పుడు విప్పించి మష్రూమ్ వేయించుకోవడానికి రెండు మూడు వందలు ఖర్చుపెట్టడం తెలివైన పని, లోపల బాగుంటే.

ఎంత అరిగిందో చూడడానికి కొలబద్ద అక్కర్లేదు. బటన్ల మధ్య గాడిలో అక్కడక్కడా చిన్న దిమ్మలుంటాయి, ఆ చోటును చూపిస్తూ పక్కగోడ మీద చిన్న త్రికోణమో, టీడబ్ల్యూఐ అనే అక్షరాలో ఉంటాయి. బటన్లు అరిగి ఆ దిమ్మతో సమానమైతే మార్చాలి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం కూడా టూవీలర్ టైరు గాడి లోతు 0.8 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. అరిగిన టైరుకే పంక్చర్లు ఎక్కువ పడతాయి, రబ్బరు పల్చబడింది కాబట్టి. నెలలో రెండో పంక్చర్ అంటే ముందు బటన్లు చూసుకోండి.

వయసు కూడా చూడాలి. పక్కగోడ మీద నాలుగంకెల ముద్ర ఉంటుంది. 2321 అని ఉంటే 2021వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. తక్కువ తిరిగే బండ్లకు బటన్లు కొత్తగానే ఉండి రబ్బరు ఎండిపోతుంది. మన ఎండలకు, ఆరుబయట నిలబెట్టే బండ్లకు ఇంకా తొందరగా. పక్కగోడలో సన్నటి పగుళ్ళు కనిపిస్తే దానికి అతుకు వేయించి ప్రయోజనం లేదు. కొత్తది కొనేటప్పుడు కూడా ఈ ముద్ర చూసే కొనండి.

కొత్త టైరు కొంటే సైజుతో పాటు దాని పక్కనున్న అంకె, అక్షరం కూడా పాతదానితో సరిపోవాలి. 100/90-17 55P అంటే 55 మోయగలిగే బరువుకు గుర్తు, 218 కిలోలు. P వేగానికి గుర్తు, గంటకు 150 కిలోమీటర్లు. తక్కువ అంకె ఉన్నది చవగ్గా వస్తుందని తీసుకోకండి. పక్కగోడ మీది బాణం గుర్తు చక్రం తిరిగే వైపుకే ఉందా చూసుకోండి. ట్యూబ్‌లెస్ అయితే రబ్బరు వాల్వ్ కూడా అప్పుడే మార్పించండి, ట్యూబ్ టైరైతే కొత్త ట్యూబ్ వేయించండి. లారీలకు వాడినట్టు రీబటన్ చేసిన, అంటే అరిగాక పైన కొత్త బటన్ల పొర వేసిన టైరు బైకుకు వద్దు. ఎవరో వాడి వదిలేసిన సెకండ్ హ్యాండ్ టైరూ వద్దు, దాని లోపల ఏం జరిగిందో చెప్పేవాళ్ళు ఎవరూ ఉండరు.

అతుకు వేయించుకున్నవాళ్ళు ఆ రోజు రాత్రి ఎంత గాలి ఉందో కొలిపించి గుర్తుపెట్టుకోవాలి, మర్నాడు పొద్దున మళ్ళీ చూడాలి, రెండు మూడు రోజుల తర్వాత ఇంకోసారి చూడాలి. కొంచెం తగ్గినా వెనక్కి వెళ్ళాలి. మొదటి రోజు వేగం వద్దు. ఒకే టైరుకు మూడో పంక్చర్ పడితే నేను మార్చేస్తాను. రెండో అతుకు మొదటిదానికి పక్కనే వేయాల్సి వస్తే రెండోసారికే మార్చేస్తాను.

ఆ రాత్రి చంద్రగిరిలో మా బామ్మర్ది కాసేపు టెన్షన్ పడ్డాడు. "పోనీ బావా, రేపటికి ఒక్కరోజుకి స్ట్రిప్ వేయిద్దాం, కొండ దిగినాక మారుస్తా" అన్నాడు. నేనేమీ మాట్లాడకముందే పెద్దాయన ఆ టైరును అతని ముందు పెట్టి, దారం బయటపడిన చోట రెండు బొటనవేళ్ళతో నొక్కి విచ్చదీసి చూపించాడు. లోపల పొరకూ దారానికీ మధ్య అగ్గిపుల్ల దూరేంత సందు కనబడింది. బండిని అక్కడే ఉంచి నా వెనక ఎక్కి వచ్చాడు. పొద్దున ఇద్దరూ బస్సులో కొండకు వెళ్ళారు. సోమవారం సాయంత్రం కొత్త టైరు, కొత్త వాల్వ్ వేయించి, మొదటి వంద కిలోమీటర్లు గట్టిగా బ్రేకు కొట్టొద్దు, ఎక్కువ వాల్చొద్దు, కొత్త రబ్బరు నున్నగా ఉంటుందని చెప్పి పంపించాను.